దెయ్యం కంటే మనిషి మనసే ఎక్కువ భయపెడుతోందా? సైకలాజికల్ సినిమాలు వెంటాడేది ఇందుకే..

ఎలమంచిలి: అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్ట్ దిగి బస్సెక్కినా, విశాఖ నుంచి రాత్రి ట్రైన్‌లో ఎలమంచిలి వస్తున్నా.. చేతిలో ఫోన్, చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలు, దారిలో సగం సినిమా అయిపోతుంది. అందులో హారర్, సైకలాజికల్ థ్రిల్లర్లకు క్రేజ్ మామూలుగా లేదు. అయితే సినిమా అయ్యాక మామూలు ప్రేక్షకుడి నోటి నుంచి వచ్చే రివ్యూ రెండే మాటలు. "భయపడ్డాను గానీ మర్చిపోయాను" అనేది ఒకటి. "రాత్రంతా నిద్ర పట్టలేదు" అనేది రెండోది. ఈ రెండిటి మధ్య తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం.

ఉలిక్కిపాటు వేరు.. భయం వేరు

తలుపు తెరవగానే ధడేల్మని సౌండ్. తెర మీదకు ఒక్కసారిగా ముఖం. దీన్నే జంప్ స్కేర్ అంటారు. 1942లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'క్యాట్ పీపుల్'లో దీనికి పేరుమోసిన తొలి ఉదాహరణ ఉంది. చీకట్లో ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి పక్కకు బస్సు బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది. అంతే, జనం ఉలిక్కిపడ్డారు. నిజానికి అక్కడ దెయ్యం లేదు, వచ్చింది బస్సే!

అసలైన భయం సంగతి వేరు. హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ అందరికీ తెలిసిందే. టేబుల్ కింద బాంబు సడెన్‌గా పేలితే ప్రేక్షకుడికి కొన్ని సెకన్ల షాక్. అదే బాంబు ఉందని ముందే చూపించి, టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లతో తాపీగా కబుర్లు చెప్పిస్తే.. పావుగంట టెన్షన్. సైకలాజికల్ సినిమా బతికేది ఆ పావుగంట మీదే.

ఇంట్లో కూర్చుని భయపడటంలో మజా ఏంటి?

ప్రమాదం అనిపించగానే మెదడు శరీరాన్ని అలర్ట్ చేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమటపడతాయి. కానీ 'ఇది సినిమానే' అన్న సంగతి కూడా మెదడుకు తెలుసు. సీన్ అయిపోగానే హమ్మయ్య అనిపిస్తుంది చూశారా.. ఆ ఊరటే మజా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎఫెక్ట్ డబుల్. గాలి చప్పుడు, ఊపిరి శబ్దం నేరుగా చెవిలోనే వినిపిస్తాయి కాబట్టి. సౌండ్ ఆపేసి అదే సీన్ చూడండి, సగం భయం పోతుంది.

మన తెలుగు సినిమా చేసిన ప్రయాణం

1992లో రామ్ గోపాల్ వర్మ తీసిన 'రాత్రి'లో దెయ్యం కంటే కెమెరాయే ఎక్కువ భయపెట్టింది. రేవతి చుట్టూ ఖాళీ ఇల్లు, నేలమాళిగ, ఒక పిల్లి. 2009లో కోడి రామకృష్ణ 'అరుంధతి'తో లెక్క మారింది. గద్వాల కోట, అనుష్క, పశుపతి.. భయానికి భారీతనం తోడైంది. ఆ తర్వాత 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014), 'రాజు గారి గది' (2015) వరుసతో హారర్ కామెడీ ట్రెండ్ నడిచింది. "నవ్వించారు సరే, భయం ఏదీ?" అన్న కంప్లైంట్ కూడా అప్పటిదే. 2022లో 'మసూద', 2023లో 'విరూపాక్ష' మళ్లీ సీరియస్ భయాన్ని తెచ్చాయి.

మనసుతో ఆడుకునే సినిమాలది ఇంకో దారి. 2014లో సుకుమార్ '1 నేనొక్కడినే'లో హీరో చూసేది నిజమా, భ్రమా అన్నదే కథ. రిలీజ్ అప్పుడు చాలామందికి ఎక్కలేదు. ఇప్పుడు ఫోన్‌లో వెనక్కి జరుపుకుని మళ్లీ చూసేవాళ్లే ఎక్కువ. ఇలాంటి సినిమాలకు మొబైల్ కలిసొచ్చిన విషయం ఇదే.

విశాఖ బ్యాక్‌డ్రాప్ ఎందుకు కుదిరింది?

2022 డిసెంబర్‌లో వచ్చిన అడివి శేష్ 'హిట్ 2' విశాఖలో జరిగే కథ. దొరికిన శవంలో తల ఒకరిది, కాళ్లు చేతులు వేరేవాళ్లవి అని తెలిసే సీన్‌తో గుండె జారుతుంది. ఇక్కడ దెయ్యం లేదు, ఉన్నది మనిషే. ఆ తర్వాత ఏడాదికి నాగచైతన్య 'దూత' సిరీస్ వచ్చింది. పేపర్ ముక్కల్లో రాసున్నట్టే చావులు జరగడం కథ. ఎనిమిది ఎపిసోడ్లూ వానలో తడిసిన విశాఖే. బీచ్, ఎండ, సందడి అని అందరికీ తెలిసిన ఊరే ముసురుపట్టి కనిపిస్తే.. తెలిసిన చోటే తెలియని భయం పుడుతుంది. ఈ చుట్టుపక్కల వాళ్లకు అది ఇంకా దగ్గరగా తగులుతుంది.

తెర మీద సరే.. ఊళ్లో సంగతేంటి?

అసలు ఆలోచించాల్సిన పాయింట్ ఇక్కడుంది. 'విరూపాక్ష' మొదట్లో ఊరి జనం ఓ జంటను క్షుద్రపూజల అనుమానంతో తగలబెట్టేస్తారు. 'పొలిమేర'లోనూ చేతబడే కథకు మూలం. తెర మీద అది కథ. ఉత్తరాంధ్రలో మాత్రం 'చిల్లంగి' అన్న మాట కొందరి ప్రాణం తీసింది. చిల్లంగి పెట్టారన్న నెపంతో పెద్దవాళ్లపై దాడులు, హత్యలు జరిగి పోలీసు కేసులయ్యాయి. జాతీయ నేర గణాంకాల్లో హత్యకు కారణాల జాబితాలో మంత్రగత్తె అన్న అనుమానానికి ఇప్పటికీ ఒక గడి ఉంది. పక్కనున్న ఒడిశా 2013లో దీనిపై ప్రత్యేక చట్టమే చేసుకుంది.

ఇంకో సంగతి. 2005లో 'చంద్రముఖి' ఒక మంచి పని చేసింది. 1993 నాటి మలయాళ 'మణిచిత్రతాళ్' కథనే తీసుకుని, గంగకు పట్టింది దెయ్యం కాదు, జబ్బు అని సైకియాట్రిస్ట్ పాత్రతో చెప్పించింది. పల్లెల్లో కూడా ఆ మాట చేరింది. కాకపోతే సినిమాలో ఒక్క రాత్రి నాటకంతో నయమైపోయింది. నిజంగా అలా జరగదు. మానసిక సమస్యకు మందులు, కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్ల ఓపిక కావాలి. నెలలు పట్టొచ్చు. నిద్ర లేకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం.. వీటిని 'గాలి సోకింది' అని భూతవైద్యుడి దగ్గరకు తిప్పితే పోయేది విలువైన టైమే.

చూసేముందు ఇవి గుర్తుంచుకోండి

- పిల్లలతో చూడాలనుకుంటే ముందు సర్టిఫికెట్, ఏజ్ రేటింగ్ చెక్ చేయండి.
- పడుకునే ముందు చూస్తే నిద్ర చెడుతుందనిపిస్తే, అలాంటి సినిమా పగలు చూడటం బెటర్.
- ఆందోళన, పానిక్ సమస్య ఉన్నవాళ్లు మధ్యలో ఆపేయడానికి మొహమాటపడొద్దు.
- సినిమాలో చూపించిన పూజలు, వైద్యం నిజమని నమ్మి ఎవరినీ అనుమానించొద్దు.

ఇంట్లో ఎవరి ప్రవర్తనలోనైనా ఉన్నట్టుండి మార్పు కనిపిస్తే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్లేలోపు కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ సర్వీస్ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.