ఒక్క ఫైలులో కొట్టు లెక్కలు
శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్)లోని గోల్ ఘర్‌లో చిన్న కొట్టుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయాలంటే తొలి ప్రశ్న: లెక్కలు ఎక్కడ దాచాలి? చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా అండమాన్ ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. తెగిన లైనుతో బిల్లు ఆగకూడదంటే డేటా కొట్లోనే ఉండాలి.

ఒక్క కంప్యూటరే అయితే ఎస్‌క్యూలైట్ చాలు. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేసిన ఈ డేటాబేస్‌కు సర్వర్ అక్కర్లేదు, లైసెన్సు రుసుమూ లేదు. లెక్కలన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. మధ్యలో కరెంటు పోతే, సగంలో ఆగిన లావాదేవీని మళ్లీ తెరిచినప్పుడు అదే రద్దు చేస్తుంది.

అయితే ఒకసారికి ఒక్కరే రాయగలరు. మూడు కౌంటర్లు నెట్‌వర్క్‌లో ఒకే ఫైలును పంచుకుంటే అది చెడిపోయే ముప్పుంది. అప్పుడు ఫైర్‌బర్డ్, పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేసే మేలు.

ఏది ఎంచుకున్నా రోజూ నకలు తీసి వేరేచోట దాచాలి. పాడైన కంప్యూటర్‌ను మార్చుకోవచ్చు. పోయిన అరువు ఖాతాను ఎవరు రాసిస్తారు?