‘ఆడపిల్లని అంత దూరమా?’ అనే ముందు...

పోయిన వేసవిలో ఓ సాయంత్రం మా పక్కింటావిడ గోడ మీంచి పిలిచింది. ‘‘అక్కయ్యగారూ, మా అమ్మాయికి ఐఐటీలో సీటొచ్చిందిట, ఉత్తరాదిలో. మా అత్తగారేమో ఆడపిల్లని అంత దూరం ఎలా పంపుతారని పట్టుబట్టుకు కూర్చున్నారు. ఏం చెయ్యమంటారు?’’ అంది. సీటు వచ్చినందుకు సంతోషించాలో, వచ్చినందుకు దిగులు పడాలో తెలియని ముఖం ఆవిడది. ఇంట్లో నాలుగు రోజులు చర్చలు జరిగాయి. మేనమామను పిలిచారు, పెద్దమ్మకు ఫోన్ చేశారు. ఈలోగా సీటు ఒప్పుకుంటున్నామని తెలిపి డబ్బు కట్టవలసిన గడువు కాస్తా దాటిపోయింది. ఆ గడువు ఎవరి కోసమూ ఆగదు. ఒప్పుకోకపోతే సీటు రద్దే.

ఆ పిల్ల ఇప్పుడు ఊళ్ళోనే కాలేజీలో చేరింది. బాగానే చదువుతోంది, కాదనను. కానీ వాళ్ళమ్మ నన్ను చూసినప్పుడల్లా ఆ మాటే ఎత్తుతుంది.

అందుకే ఈసారి మీతో ఈ సంగతి మాట్లాడాలనిపించింది. మీ ఇంట్లో పదో తరగతో, ఇంటరో చదివే అమ్మాయి ఉంటే పొయ్యి సిమ్‌లో పెట్టి కాసేపు ఇటు రండి.

ముందు ఒక తెలుగింటి ఆడపడుచు గురించి చెప్పాలి. పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టింది. ఆ కాలపు పద్ధతి ప్రకారం పదిహేనేళ్ళకే పెళ్ళి చేశారు. 1937లో ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డకు నాలుగు నెలలైనా నిండకుండానే భర్త పోయాడు. పద్ధెనిమిదేళ్ళ పిల్ల, చంకలో పసిబిడ్డ! ఆ రోజుల్లో వితంతువు బతుకెలా ఉండేదో మన అమ్మమ్మలను అడిగితే చెప్పేవారు.

లలిత మాత్రం చదువుకుంటానంది. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. అప్పటివరకు ఆ కాలేజీ మెట్టెక్కిన ఆడపిల్ల లేదు. ఆయన ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, విద్యాశాఖ డైరెక్టర్ దాకా వెళ్ళి అనుమతి తెచ్చారు. 1940లో లలిత చేరింది. అంతమంది మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల! వారమంతా హాస్టల్లో ఉండి, సెలవు రోజున ఇంటికొచ్చి బిడ్డను చూసుకునేది. మరి బిడ్డ ఎవరి దగ్గర? ఇంట్లో వాళ్ళ దగ్గరే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. తండ్రి సిఫారసు ఎంత పని చేసిందో, ఇంట్లో ఆ పసిదాన్ని ఎత్తుకున్న ఆడవాళ్ళ చేతులూ అంతే పని చేశాయి. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు, అంతే.

ఆ తరవాత లీలమ్మ, త్రేసియా అని మరో ఇద్దరు సివిల్ బ్రాంచీలో చేరడంతో లలితకు తోడు దొరికింది. 1943లో చదువు పూర్తయింది. పట్టాల మీద ‘అతడు’ అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని దిద్ది ఇచ్చారు! ఆడపిల్ల వస్తుందని అచ్చువేసేవాళ్ళకు తోచనేలేదన్నమాట. తరవాత లలిత కలకత్తాలో ఓ పెద్ద విద్యుత్ సంస్థలో ఉద్యోగం చేస్తూ భాక్రానంగల్ ఆనకట్ట పనుల్లోనూ పాలుపంచుకుంది. త్రేసియా అయితే ఏకంగా కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరే అయింది. ‘సివిల్, మెకానికల్ ఆడపిల్లలకెందుకు, హాయిగా కంప్యూటర్స్ తీసుకోక’ అని సలహాలిచ్చే బంధువులకు ఈ సంగతి వినిపించండి.

ఇక ఇప్పటి మాట. ఇంత కాలం గడిచినా 2016, 2017 నాటికి ఐఐటీల్లో బీటెక్ చదివేవారిలో ఆడపిల్లలు నూటికి పదిమంది కూడా లేరు. తెలివి తక్కువై కాదండీ. కోచింగ్‌కు మగపిల్లాణ్ణి పంపిన ఇల్లే ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికి లెక్కలు వేస్తుంది. సీటొచ్చినా మా పక్కింట్లో లాగానే జరుగుతుంది. అందుకని 2018 నుంచి ఆడపిల్లల కోసం అదనపు సీట్లు పెట్టారు. ఆ ఏడు నూటికి 14 మంది ఉండేలా, 2019లో 17, 2020లో 20 మంది ఉండేలా పెంచారు. ఇవి అదనంగా వేసినవి. మగపిల్లల సీట్లలో ఒక్కటీ కొయ్యలేదు. కాబట్టి ‘మావాడి సీటు మీ పిల్ల ఎగరేసుకుపోయింది’ అని ఎవరైనా అంటే నిశ్చింతగా నవ్వెయ్యండి. ఎన్ఐటీల్లోనూ ఇలాంటి ఏర్పాటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎప్‌సెట్ కౌన్సెలింగులో కన్వీనర్ కోటా సీట్లలో మూడోవంతు అమ్మాయిలవే.

డబ్బు సంగతికొస్తే, ‘ప్రగతి’ అని ఏఐసీటీఈ వారి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏటా 8 లక్షలకు మించకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. డిగ్రీకే కాదు, పాలిటెక్నిక్ డిప్లొమాకూ ఉంది. అయితే అందరికీ రాదు, సంఖ్య పరిమితం. మొదటి ఏడాది చేరగానే దరఖాస్తు పెట్టాలి. ఆదాయం సర్టిఫికెట్ కోసం అప్పుడు పరుగెత్తితే లాభం లేదు. పరీక్షలైన వెంటనే ఆ పని చేయించి బీరువాలో పెట్టండి.

కాగితాల పని తేలికే. ఇంట్లో పనే కష్టం. పరీక్షల ముందు కూడా ‘చపాతీలు ఒత్తివ్వవే’ అని పిలిచేది మనం పిల్లనే కదా? పిల్లాడు చదువుతుంటే తలుపు దగ్గరగా వేస్తాం. నేనూ అలాగే చేశాను, దాచుకోవడమెందుకు? మా అమ్మాయి ఒకరోజు ‘అన్నయ్యకి చపాతీ ఒత్తడం రాదా అమ్మా?’ అని అడిగాక గానీ నాకు తట్టలేదు. ఇప్పుడు వాడు ఒత్తుతాడు. ఆంధ్రదేశం పటంలా వస్తాయి, అయినా తింటున్నాం. ఫ్యూజు పోతే కూడా అంతే. మెయిన్ ఆపించి, వాళ్ళ నాన్న పక్కన నిలబడి ఉండగా ఈసారి అమ్మాయి చేత వేయించండి. కరెంటంటే భయం పోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఎంపీసీ అయినా, బైపీసీ అయినా తను ఏది అడుగుతుందో ముందు వినండి. పెద్దవాళ్ళకు ఏం చెప్పాలో కౌన్సెలింగు మొదలవకముందే మీరూ, మీవారూ కూర్చుని తేల్చుకోండి, సీటొచ్చాక కాదు. హాస్టలు ఎలా ఉంటుంది, రైలు ఎక్కడ మారాలి, సెలవులెప్పుడు... ఇవన్నీ ఓ కాగితం మీద రాసి అత్తగారి చేతికిస్తే సగం భయం తగ్గుతుంది. వీలైతే ఆవిడనే వెంటబెట్టుకుని దింపి రండి. మనవరాలి గది చూశాక ఆవిడే పదిమందికీ చెప్పుకుంటారు.

దూరమే అయితే పెట్టెలో కందిపొడి, నువ్వులపొడి, గోంగూర పచ్చడి తప్పవు. సీసా మూతకు పాలిథిన్ కాగితం గట్టిగా చుట్టి రబ్బరుబ్యాండు వేస్తే నూనె బట్టలకు అంటదు. పొడుల పేజీ ఎలాగూ ఈ సంచికలోనే ఉంది.