ఎక్స్‌టెండెడ్ టమ్మీ టక్: ఎవరికి, ఎందుకు?

కిందటి సంక్రాంతికి ఇక్కడ అమెరికాలో తెలుగువాళ్ళమంతా కలిసిన చోట ఓ పెద్దావిడ నా పొట్ట వంక చూసి, "మళ్ళీ విశేషమా అమ్మా?" అని అడిగారు. మా రెండోవాడికి అప్పటికే రెండేళ్ళు! నవ్వి ఊరుకున్నాను కానీ, ఆ రాత్రే టమ్మీ టక్ గురించి చదవడం మొదలుపెట్టాను. డిగ్రీలో చదివిన బయాలజీ ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

బయటికి ఒకేలా కనిపించే పొట్టకు మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి కొవ్వు. రెండు, సాగిపోయిన చర్మం. మూడు, కడుపుతో ఉన్నప్పుడు పొట్ట ముందరి నిలువు కండరాలు పక్కలకు జరిగి, మళ్ళీ దగ్గరకు రాకపోవడం. దీన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. కొవ్వు తిండి, వ్యాయామాలతో తగ్గుతుంది. కండరాల ఎడం ఫిజియోథెరపీతో చాలామందికి కొంత మెరుగవుతుంది. బాగా సాగిన చర్మం మాత్రం ఎన్ని వ్యాయామాలు చేసినా బిగుసుకోదు.

మామూలు టమ్మీ టక్‌లో పొత్తికడుపు కింద, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత పెట్టి, అదనపు చర్మం తీసేస్తారు. ఎడమైన కండరాలను కుట్టి దగ్గర చేస్తారు. ఎక్స్‌టెండెడ్‌లో ఆ కోత తుంటి దాటి వీపు వైపుకు సాగుతుంది. నడుము పక్కల మడతలు కూడా పోతాయి. మచ్చ కూడా అంత పొడుగూ ఉంటుంది.

ఇది ముఖ్యంగా చాలా బరువు తగ్గాక, ముందూ పక్కలా చర్మం వేలాడేవారికి నప్పుతుంది. బరువు కనీసం ఆరు నెలలుగా నిలకడగా ఉండాలి. ఇక పిల్లలు వద్దనుకున్నాకే మంచిది, మళ్ళీ గర్భం వస్తే చర్మం సాగుతుంది కదా. షుగర్ అదుపులో ఉండాలి. పొగతాగే అలవాటుంటే వారాల ముందే మానాలి, నికోటిన్ వల్ల గాయం సరిగా మానదు. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ మాత్రం కాదు.

ఇన్ఫెక్షన్, చర్మం కింద నీరు చేరడం, తిమ్మిరి, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులున్నాయి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ప్రమాదం. ఇండియాలో చవగ్గా చేయించుకుని వెంటనే విమానం ఎక్కేద్దామనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ ముప్పు పెరుగుతుంది. ఏదైనా తేడా వస్తే చూడాల్సిన సర్జన్ సముద్రాల అవతల ఉంటారు. ఎక్కడ చేయించుకున్నా ఆ డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలోనే శిక్షణ పొందారో లేదో చూసుకోండి. అందం కోసమైతే ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బు ఇవ్వదు.

ఆపైన సుమారు ఆరు వారాలు బరువులెత్తకూడదు. అంటే చంటివాణ్ణి ఎత్తుకోకూడదు! అమ్మో, అత్తగారో వచ్చి ఉండగలరా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

నా సంగతంటారా? పరీక్ష చేస్తే నాది కండరాల ఎడమని తేలింది, పక్కల చర్మం వేలాడటం లేదు. ఫిజియోథెరపీ చేస్తున్నాను. చేయించుకోవాల్సినవాళ్ళు నిస్సంకోచంగా చేయించుకోండి, అందులో తప్పేమీ లేదు. కానీ ఎవరో "విశేషమా" అన్నారని మాత్రం వద్దు.