ఊరు మారిన చర్చి

బ్రిటన్ ద్వీపపు పడమటి అంచున ఉన్న చిన్న దేశం వేల్స్. అక్కడి పల్లెలలో మధ్యయుగాల నాటి చిన్న చిన్న చర్చిలు నేటికీ అనేకం కానవస్తాయి. వాటిలో ఒకదాని చరిత్ర విలక్షణమైనది. ఏడు శతాబ్దాలకు పైగా ఒక నదీతీరాన నిలిచిన ఆ చర్చి నేడు వేరొక ఊరిలో ఉన్నది.

దక్షిణ వేల్స్‌లో లౌఖర్ నది ఒడ్డున, చిత్తడి నేలల నడుమ లాండెయిలో టాలీబాంట్ అనే గ్రామసీమ ఉన్నది. ఆ చర్చి వెలసినది అక్కడే. 'లాన్' అంటే వేల్స్ భాషలో పవిత్రమైన ఆవరణ, చర్చి ఉన్న చోటు అని అర్థం. ఆరవ శతాబ్దానికి చెందిన టెయిలో అనే సాధువు పేరు దానికి చేరి 'లాండెయిలో' అయినది. ఇక్కడ టకారం డకారంగా మారడం చూస్తే మన గసడదవాదేశ సంధి గుర్తుకు రాక మానదు.

కట్టడం తీరు

ఇది ఆకాశాన్నంటే గోపురాల కట్టడం కాదు. మొరటు రాళ్ళను సున్నపు గచ్చుతో పేర్చిన మందపాటి గోడలు, ఏటవాలు పైకప్పు, భక్తులు నిలిచే పొడవైన మండపం, దానికి తూర్పున గర్భాలయం వంటి చిన్న గది ఇందులోని ముఖ్య భాగాలు. తొలి కట్టడం 12, 13 శతాబ్దాల నాటిది. ఊరి అవసరాలు పెరిగిన కొద్దీ తరువాతి తరాల వారు పక్కగది, దక్షిణపు నడవ, ముఖమండపం చేర్చారు.

లోపలి గోడలే దీని అసలు సంపద. చదువు కొందరికే పరిమితమైన ఆ కాలంలో గోడమీది బొమ్మలే ప్రజలకు గ్రంథాలు. బాల క్రీస్తును భుజాలపై నది దాటిస్తున్న సెయింట్ క్రిస్టఫర్, సెయింట్ కాథరిన్, క్రీస్తు పడిన యాతనల ఘట్టాలు అక్కడ చిత్రించబడ్డాయి. క్రిస్టఫర్ బొమ్మను చూసిన నాడు ఆకస్మిక మరణం సంభవించదని అప్పటి వారి విశ్వాసం. అందుచేత ఆయన చిత్రాన్ని సాధారణంగా ద్వారానికి ఎదురుగా వేసేవారు.

16వ శతాబ్దపు మతసంస్కరణోద్యమంలో చిత్రారాధన నిషిద్ధమయింది. బొమ్మలపై సున్నం పూశారు. ఆ సున్నంపై కాలక్రమాన బైబిలు వాక్యాలు వేల్స్ భాషలో వెలిశాయి. ఏ సున్నమయితే బొమ్మలను మరుగుపరచినదో, అదే వాటిని శతాబ్దాల పాటు కాపాడినది.

పాడుబడి, తిరిగి నిలిచి

19వ శతాబ్దంలో తగరపు పూత రేకుల కర్మాగారాలతో సమీపాన పొంటార్డులైస్ పట్టణం పెరిగింది. పని ఉన్న చోటికి జనం తరలివెళ్ళారు. పట్టణంలో కొత్త చర్చి వచ్చింది. పాత చర్చికి రాకపోకలు తగ్గాయి. 1970 దశకం నాటికి అది పాడుబడింది. వానకు తడిసిన గోడలపై సున్నపు పొరలు రాలగా అడుగున దాగిన రంగులు బయటపడ్డాయి.

ఆ చర్చిని అక్కడే ఉంచితే నిలవదని తేలింది. కార్డిఫ్ నగర సమీపాన సెయింట్ ఫాగన్స్‌లో 1948లో ప్రారంభమైన ఆరుబయలు మ్యూజియం దానిని స్వీకరించింది. నిపుణులు తొలుత చిత్రాలను నమోదు చేసి, జాగ్రత్తగా గోడలనుంచి వేరుచేశారు. 1984-85లో కట్టడాన్ని రాయి తరువాత రాయిగా విప్పి తరలించారు. పునర్నిర్మాణం ముగిసి ప్రజలకు ద్వారాలు తెరిచినది 2007లో. ఓక్ కలప, సున్నం, సంప్రదాయ పనిముట్లు, పాతకాలపు పద్ధతులతో సాగిన పని కనుక అంత కాలం పట్టింది.

మన తెలుగువారికి ఇటువంటి శ్రమ కొత్త కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించి నిలిపిన ఘనత మన స్థపతులది, పనివారిది.

ఏ కాలపు చర్చి?

అయితే నిపుణులకు ఒక చిక్కు ప్రశ్న ఎదురయింది. ఏడు శతాబ్దాలు మార్పులు పొందిన కట్టడాన్ని ఏ కాలపు రూపంలో నిలపాలి? 1530 ప్రాంతపు రూపాన్ని వారు ఎన్నుకున్నారు. చిత్రాలలో చెరిగిన భాగాలను అదే కాలపు ఇతర చర్చిలను పరిశీలించి పూరించారు. కొయ్య తెరను కొత్తగా చెక్కారు. ఫలితంగా ఎరుపు, పసుపు వన్నెలతో గోడలు వెలిగాయి. కాని, వేల్స్ భాషలోని వాక్యాలు, తరువాతి తరాల వారు కూర్చున్న బల్లలు ఆ రూపంలో చోటు కోల్పోయాయి. ఒక కాలాన్ని బ్రతికించుకోవడానికి మరొక కాలాన్ని వదులుకోవలసి వచ్చింది. అది తప్పా ఒప్పా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసినదే. ఏ నిర్ణయమూ చేయకుండా ఊరుకొని ఉంటే మాత్రం మిగిలేది రాళ్ళగుట్ట.

ఉద్యోగరీత్యానో, పిల్లల చదువుల కారణంగానో కార్డిఫ్ వెళ్ళే మనవారు ఈ మ్యూజియాన్ని తప్పక దర్శించాలి. ప్రవేశ రుసుము లేదు. మందిరంలోకి అడుగిడిన తరువాత ఒక్క క్షణం మౌనంగా నిలిచి ఆ గోడలను చూడండి. పేర్లు మిగలని పల్లె చిత్రకారుల పనిని, వారి రంగులను తిరిగి పలికించిన నేటి పనివారి ఓర్పును ఒకేచోట చూడగలుగుతారు.