నెల జీతం ఒక్కటే చూడకండి

మెట్రిక్ పూర్తయిన మీ పిల్లలు, మనవలు ఉద్యోగం వెతుకుతున్నారా? అయితే రికార్డుల పని గురించి వారికి చెప్పండి. ఫైలు తెరవడం, నంబరు వేయడం, అడిగినప్పుడు వెతికి ఇవ్వడం, గడువు తీరిన కాగితాలను పద్ధతి ప్రకారం తీసివేయడం ఈ పనిలో భాగాలు. ఆసుపత్రి, కోర్టు, బ్యాంకు, మునిసిపాలిటీ, అన్నిచోట్లా ఈ పని ఉంటుంది.

మరి జీతం ఎక్కడ ఎక్కువ? ప్రభుత్వంలోనా, కంపెనీలోనా? రండి, లెక్క వేద్దాం.

మన దక్షిణాఫ్రికా ప్రభుత్వంలో జీతాలకు స్థాయిలు ఉన్నాయి. రిజిస్ట్రీ క్లర్కు సాధారణంగా 5వ స్థాయిలో చేరతారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ స్థాయి సంవత్సరానికి 2,28,321 రాండ్లతో మొదలైంది. అంటే నెలకు సుమారు 19,027 రాండ్లు.

ఒక కంపెనీ నెలకు 20,000 ఇస్తానంది అనుకోండి. ఇదే ఎక్కువ అనిపిస్తుంది. తొందరపడకండి. ఒప్పందంలో 'కాస్ట్ టు కంపెనీ' అనే మాట ఉందా? ఉంటే, కంపెనీ మీ కోసం పెట్టే ఖర్చంతా ఆ 20,000లోనే ఉంటుంది. పింఛను ఉంటే అందులోంచే, మెడికల్ ఎయిడ్ ఉంటే అందులోంచే. సంవత్సరానికి మొత్తం 2,40,000.

ప్రభుత్వంలో శాశ్వత ఉద్యోగికి జీతం కాక ఇంకా ఏమి వస్తుంది? ఏడాదికి ఒక నెల జీతం బోనస్, 19,027. పింఛను నిధికి ఉద్యోగి 7.5 శాతం కడితే ప్రభుత్వం 13 శాతం కడుతుంది, అది సుమారు 29,682. అన్నీ కలిపితే 2,77,000 దాటుతుంది. మెడికల్ ఎయిడ్ సాయం, ఇంటి భత్యం ఇంకా కలపలేదు. చూశారా, చిన్నదిగా కనిపించిన జీతమే పెద్దదైంది!

సెలవులు కూడా లెక్కించండి. ప్రభుత్వంలో మొదటి పదేళ్లు ఏడాదికి 22 పనిదినాలు. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి కంపెనీ 15 పనిదినాలు ఇస్తే చట్టానికి సరిపోతుంది.

అయితే కంపెనీని తీసిపారేయకండి. ప్రభుత్వంలో 7వ స్థాయి, అంటే 2025 ఏప్రిల్‌లో 3,25,101 రాండ్లతో మొదలైన పర్యవేక్షకుడి పోస్టు, అడిగితే రాదు. ఖాళీ రావాలి, ప్రకటన రావాలి, మళ్లీ దరఖాస్తు పెట్టాలి. కంపెనీలో పని తెలిసినవారు జీతం గురించి బేరం ఆడవచ్చు. పోపియా చట్టం 2021 జూలై నుంచి పూర్తిగా అమలులో ఉంది. వ్యక్తుల సమాచారాన్ని సరిగా కాపాడకపోతే కోటి రాండ్ల వరకు జరిమానా పడవచ్చు. అందుకే ఆ చట్టం, కంప్యూటరు రికార్డులు రెండూ తెలిసినవారికి విలువ ఉంది.

ఒప్పందం జాగ్రత్తగా చదవమని మన కుటుంబాలకు ఇంకొకరు చెప్పాలా? మన పెద్దలు నటాల్‌కు వచ్చినప్పుడు ఒప్పందంలో మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏటా ఒక షిల్లింగు పెంపు అని ఉంది. తిండి, వసతి, వైద్యం అదనం. కాగితం మీద అంతా బాగుంది. 1871లో మద్రాసుకు తిరిగి వెళ్లినవారు మాత్రం జీతాలు సరిగా ఇవ్వలేదని ఫిర్యాదు చేశారు. 1872లో దానిపై విచారణ జరిగింది.

ఆ పెద్దల పేరు, ఊరు, జిల్లా, వయసు రాసిన ఓడల రిజిస్టర్లు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. జీతం తీసుకుని ఎవరో వాటిని జాగ్రత్త చేశారు కాబట్టే మనం మన ఊరి పేరు చెప్పగలుగుతున్నాం.

అందుకే సంతకం పెట్టే ముందు మీ పిల్లలచేత ఈ నాలుగు ప్రశ్నలు అడిగించండి: ఉద్యోగం శాశ్వతమా? పింఛనుకు ఎవరెంత కడతారు? బోనస్ ఒప్పందంలో రాసి ఉందా? పై స్థాయికి దారి ఏది? జవాబులు నోటిమాటగా వద్దు, కాగితం మీద తీసుకోండి. ఆ కాగితాన్ని ఇంట్లో ఒక ఫైలులో పెట్టండి. మొదటి రికార్డు మీదే కావాలి.