చెప్పకుండా వచ్చే గాలి

గాలివాన మనకు కొత్త కాదు. పెరట్లో అరటిచెట్టు పడిపోవడం, వంటింటి రేకు లేచిపోవడం, రాత్రంతా కరెంటు లేకపోవడం ప్రతి ఇల్లాలికీ అనుభవమే. కానీ కాసేపట్లో యాభై వేల చెట్లను నేలకూల్చే గాలిని ఊహించగలమా? మన అడవిలోకే అలాంటి గాలి వచ్చింది మరి.

2024 ఆగస్టు 31 సాయంత్రం. ములుగు జిల్లా తాడ్వాయి - మేడారం అడవి. పాత ఖమ్మం జిల్లాలోని గుండాల, కరకగూడెం వైపు అడవులకు పొరుగున ఉన్న అడవే ఇది. దాదాపు 500 ఎకరాల్లో మద్ది, జువ్వి వంటి మహావృక్షాలు కొన్ని వేళ్ళతో సహా లేచి పడ్డాయి, కొన్ని నడుముకి విరిగాయి. సుమారు 50 వేల చెట్లు పోయాయని తొలి అంచనా. అదృష్టం ఏమిటంటే, ఆ గాలి ఊళ్ళ మీదికి రాలేదు. సమ్మక్క తల్లే అడ్డుపడి కాపాడిందని చాలామంది చేతులు జోడించారు.

అనుకుంటేనే గుండె దడదడలాడుతుంది. అంతకు ఆరు నెలల ముందే, ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, మేడారం జాతరకు లక్షలాది జనం వచ్చారు. ఆ చెట్ల నీడనే వండుకుని తిన్నారు, పిల్లల్ని పడుకోబెట్టుకున్నారు.

అసలు అది ఏం గాలి?

సుడిగాలి అని కొందరు, టోర్నడో అని కొందరు, మేఘం నుంచి కిందికి దిగిన గాలి అని కొందరు అన్నారు. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం చుట్టూ సుడి తిరుగుతుంది కదా, టోర్నడో అలా తిరుగుతూ దారిలో ఉన్నవన్నీ లాగేస్తుంది. రెండోది వేరు. బిందెడు నీళ్ళు ఎత్తు నుంచి గచ్చు మీద ఒక్కసారి కుమ్మరిస్తే నాలుగు పక్కలకీ చిమ్ముతాయి చూడండి, ఉరుముల మేఘంలోని చల్లగాలి అలాగే కిందికి పడి, నేల తాకి, విసురుగా పరుచుకుంటుంది. వానకు నేల నాని ఉంటే చెట్ల వేళ్ళకు పట్టు దొరకదు. పేరు ఏదైనా, ఇల్లాలికి తెలియాల్సింది ఒకటే: ఈ గాలి నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోతుంది.

ఇలాంటి గాలి జనం మధ్యకు వస్తే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూసింది. 1989 ఏప్రిల్ 26న దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతాల మీద విరుచుకుపడిన టోర్నడోలో సుమారు 1,300 మంది చనిపోయారు. రేకుల ఇళ్ళు, తడికెల ఇళ్ళు నిలబడలేదు. మన గూడేల్లోనూ తాటాకు కప్పులు, రేకుల కప్పులు ఎన్ని లేవు?

నీరు నేర్పిన పాఠం

భద్రాచలం వాళ్ళకు గోదావరి అంకెలు నోటికి వచ్చు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. మూడో హెచ్చరిక వినగానే సామాను అటక ఎక్కించడం, ముసలివాళ్ళని ముందు పంపించడం ఆ ఊరి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీరు చెప్పి వస్తుంది, అందుకే ఏర్పాటు అలవాటైంది. గాలి చెప్పి రాదు. కాబట్టి ఏర్పాటు ముందే ఉండాలి.

ముందుగా ఆదుకునేది ఎవరో కూడా ఆ వాయుగుండమే చూపించింది. తాడ్వాయిలో చెట్లు కూలిన మర్నాడే, సెప్టెంబర్ 1న, ఖమ్మంలో మున్నేరు పొంగి బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ వంటి కాలనీలను ముంచింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని తెచ్చింది, జేసీబీ తోలుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిన ఒక డ్రైవరు. హర్యానా నుంచి బతుకుతెరువుకి వచ్చినవాడు! ఆపదలో ముందు అందేది పక్కనున్నవాడి చెయ్యే.

మన వాడకట్టులో మనం

ఏ మధ్యాహ్నమో నలుగురం కూర్చుని ఇవి మాట్లాడుకుంటే చాలు:

గాలి లేస్తే పరుగెత్తాల్సిన పక్కా ఇల్లు ఏది? బడా, అంగన్‌వాడీయా, పంచాయతీ ఆఫీసా? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మంచాన ఉన్న అత్తగారిని, నెలలు నిండిన కోడలిని ఎవరు తీసుకొస్తారు? పేర్లతో సహా అనుకోండి.

చెట్టు కిందా, రేకుల షెడ్డులోనూ నిలబడవద్దు. పక్కా ఇంట్లో అయితే కిటికీలకు దూరంగా, లోపలి గదిలో గోడవారన కూర్చుని తలమీద బొంత కప్పుకోండి. వీలుంటే గ్యాసు కట్టేసి, మెయిన్ ఆపండి. తెగిన తీగ జోలికి పోవద్దు. సాయానికి 112, దెబ్బలు తగిలితే 108.

రేషన్‌కార్డు, ఆధార్, పట్టా పాసుపుస్తకం ఒకే పాలిథిన్ కవరులో పెట్టండి. పక్కనే టార్చి, మందులు, అటుకులు, వేయించిన శనగపప్పు, బెల్లం.

పదిమందికి వండి పంపాల్సి వస్తే చింతపండు పులిహోర మేలు. కొబ్బరి అన్నం, పెరుగన్నం త్వరగా పాడవుతాయి. పొట్లాలతో పాటు పసిపిల్లల పాలపొడి, ఆడపిల్లలకు ప్యాడ్లు, పాత చీరలు పంపండి. అడగడానికి వాళ్ళు సిగ్గుపడతారు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. విరేచనాలు పట్టుకుంటే, అలాంటి లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. టీ చెంచా కొలతే సుమా, తలగొట్టి కొలవాలి.

ఇల్లు పోయినవాళ్ళ ఫోటోలు వెంటనే తీయించండి, నష్టం రాసుకునే అధికారులు వచ్చినప్పుడు పనికొస్తాయి. ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళు జాబితాలోంచి జారిపోకుండా పక్కింటివాళ్ళే చూడాలి.

తాడ్వాయి అడవిలో గాలి చెట్లతో సరిపెట్టుకుంది. ఈసారి ఎటు వస్తుందో ఎవరికి తెలుసు? పక్కింటి తలుపు తట్టడానికి గాలివాన దాకా ఆగనక్కర్లేదు కదూ!