రిజిస్ట్రేషన్ అయిపోతే ఇల్లు మనదైపోయినట్టేనా? ఇల్లు కొనేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

ఇల్లు, ఫ్లాట్ కొనేటప్పుడు లీగల్‌గా ఏం చూసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. ఎక్కువగా వచ్చిన ప్రశ్నలు ఈ ఎపిసోడ్‌లో తీసుకుంటున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటినీ దృష్టిలో పెట్టుకునే చెప్తాను.

మొదటి ప్రశ్న. "సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయిందంటే, ఇల్లు నాదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా?"

కాదండీ. ఇది అర్థమైతే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. మన దగ్గర రిజిస్టర్ అయ్యేది దస్తావేజు, హక్కు కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ చూసేది కొన్ని విషయాలే. సంతకం పెట్టింది ఆ మనిషేనా, స్టాంపు డ్యూటీ సరిగ్గా కట్టారా, ఆస్తి వివరాలు రాశారా, నిషేధిత జాబితాలో ఉందా, అంతే. అమ్మే ఆయనకి అసలు అమ్మే హక్కు ఉందా లేదా అని తేల్చడం ఆయన పని కాదు. తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఇదే చెప్పింది. మరి అమ్మేవాళ్లకి హక్కు లేకపోతే? మీ చేతికి రిజిస్టర్డ్ సేల్ డీడ్ వస్తుంది, స్టాంపు డ్యూటీ ఖర్చవుతుంది, హక్కు మాత్రం రాదు. వాళ్ల దగ్గర లేనిది మీకెలా ఇస్తారు?

అలాగని రిజిస్ట్రేషన్ లేకుండా కొనమని కాదు. అది లేకుండా హక్కు అసలే రాదు. అది తప్పనిసరి, కానీ అది ఒక్కటే చాలదు. 

హైదరాబాద్‌లో 2024లో హైడ్రా కూల్చివేతలు మీకు గుర్తుండే ఉంటాయి. చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉన్నాయని పడగొట్టిన వాటి విషయంలో కొందరు "మాకు రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు లోన్ కూడా ఉంది" అని ఏడ్చారు. కాగితం నిజమే, కానీ కాగితం ఉన్నంత మాత్రాన చెరువు పక్కకి జరగదు కదా. దగ్గర్లో చెరువు ఉంటే హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే అందరూ 22ఏ అంటారే, అందులో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే వెతకొచ్చు. పేదలకి ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి అయితే ఇంకా జాగ్రత్త. అలాంటి భూమి అమ్మకాలను నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది.

"ఈసీ తీశాను, ఏమీ లేదు. ఇక ధైర్యంగా కొనొచ్చా?"

ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా. రిజిస్టర్ కానివి అందులో కనపడవు. ఇంకొకరికి అమ్ముతానని స్టాంపు పేపర్ మీద రాసిచ్చి అడ్వాన్స్ తీసుకున్నారనుకోండి, కనపడదు. కోర్టులో కేసు నడుస్తున్నా చాలాసార్లు కనపడదు. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో పెట్టి, ఆ తాకట్టుని రిజిస్టర్ చేయించకుండా అప్పు తీసుకున్నా కనపడదు. అందుకే ఈసీతో పాటు ఇంకో రెండు చూడాలి. బ్యాంకులు తాకట్టు వివరాలు నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, చిన్న ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. ఈ-కోర్ట్స్ సైట్‌లో అమ్మేవాళ్ల పేరుతో కేసులు వెతకొచ్చు. కేసు నడుస్తున్న ఆస్తిని కొంటే, ఆ తీర్పు ఎలా వస్తే అలా మీకూ వర్తిస్తుంది. "నాకు తెలీదండీ" అంటే కుదరదు.

ఈసీ కనీసం 30 ఏళ్లకి తీయండి. తెలంగాణలో ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. 

"లింక్ డాక్యుమెంట్లు అంటున్నారు, అవెందుకు?"

ఇప్పుడు అమ్ముతున్న ఆయనకి ఆ ఆస్తి ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకి ఎవరి నుంచి వచ్చింది, ఆ గొలుసు. మధ్యలో ఒక లింకు తెగితే ఆ తర్వాతి అమ్మకాలన్నీ ప్రశ్నార్థకమే. జిరాక్సులు చూసి సరిపెట్టుకోవద్దు, ఒరిజినల్స్ చూడండి. "పోయాయండీ" అన్నారంటే ఎక్కడైనా తాకట్టులో ఉన్నాయేమో అని ముందు అనుమానించండి. సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరైనా తీసుకోవచ్చు కాబట్టి అది ఉన్నంత మాత్రాన ఏమీ రుజువవదు.

గొలుసు ఎక్కువగా తెగేది కొనుగోళ్ల దగ్గర కాదు, కుటుంబం దగ్గర. తండ్రి చనిపోయారు, ఇద్దరు కొడుకులు ఇల్లు అమ్ముతున్నారు, చెల్లెలి సంతకం లేదు. "ఆమెకి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటారు. ఈ మాట మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. పిత్రార్జితంలో ఆడపిల్లలకి సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశం మొత్తానికి 2005లో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక తండ్రి సొంతంగా సంపాదించి, వీలునామా రాయకుండా పోతే, హిందూ కుటుంబాల్లో భార్య, కూతుళ్లు, కొడుకులు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన భాగాలే. కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, అందులో ఉన్న ప్రతి ఒక్కరూ సేల్ డీడ్ మీద సంతకం పెట్టాలి. లేదా ఆమె ముందే రిజిస్టర్డ్‌గా హక్కు వదులుకుని ఉండాలి. అడిగితే అమ్మేవాళ్లకి కోపం రావచ్చు, రానివ్వండి. పదేళ్ల తర్వాత ఆమె పిల్లలు కోర్టుకెళ్తే అప్పుడు ఈఎంఐ కట్టేది మీరు.

"జీపీఏ మీద అమ్ముతున్నారు, కొనొచ్చా?"

జీపీఏ ఉన్న మనిషి, ఓనర్ తరఫున మీకు సేల్ డీడ్ రిజిస్టర్ చేసిస్తే అది సేల్ డీడే. కానీ "మీక్కూడా జీపీఏ రాసిస్తాం, ఖర్చు తగ్గుతుంది" అంటే వద్దు. జీపీఏతో యాజమాన్య హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. ఇంకోటి, మామూలు జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి సంతకాల రోజుకి ఓనర్ బతికే ఉన్నారా, జీపీఏ రద్దు చేశారా అని చూసుకోవాలి. ఓనర్‌తో ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడండి, దానికి మొహమాటం అక్కర్లేదు.

"బ్యాంకు లోన్ ఇచ్చిందంటే అంతా క్లియరే కదా?"

బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు డబ్బు గురించి. ఆస్తి పోయినా అప్పు మీరే కట్టాలి. మీ లాయర్‌ని మీరు పెట్టుకోండి. లక్షల్లో పెట్టే కొనుగోలులో ఆ ఫీజు దగ్గర పొదుపు ఎందుకో నాకు అర్థం కాదు.

"కొత్త ఫ్లాట్. ప్రీ లాంచ్ అంటున్నారు, రేటు చాలా తక్కువ."

రేటు తక్కువ ఎందుకో చెప్తాను. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ఆ ప్రాజెక్టుని ప్రకటించడానికి, అమ్మడానికి, బుకింగ్ తీసుకోవడానికి వీల్లేదు. ప్రీ లాంచ్ అంటే దాదాపు ఎప్పుడూ ఆ రిజిస్ట్రేషన్‌కి ముందే అమ్మడం. పర్మిషన్ రాకముందే యూడీఎస్ పేరుతో భూమిలో వాటా రాసిచ్చి మొత్తం డబ్బు తీసుకుంటారు. రేపు ప్లాన్ మారినా, రాకపోయినా మీ చేతిలో ఉండేది వందలమందితో కలిసి కొన్ని గజాల ఖాళీ భూమి. దాన్ని అమ్మలేరు, కట్టుకోలేరు. రెరా ఉన్న ప్రాజెక్టులో అయితే రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే విడిగా ఖాతాలో ఉంచాలి. ఆలస్యమైతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు.

చిన్న బిల్డింగ్ అయితే ఒక చిక్కు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటని స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకి మించకుండా గానీ కడితే రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మన కాలనీల్లో చాలా అపార్ట్‌మెంట్లు ఇవే. అక్కడ శాంక్షన్డ్ ప్లాన్ మీరే చూసుకోవాలి. నాలుగు అంతస్తులకి పర్మిషన్ ఉండి మీకు ఐదోది చూపిస్తుంటే అక్కడితో ఆపేయండి. స్థలం ఓనర్‌తో డెవలప్‌మెంట్ ఒప్పందం ఉంటే మీ ఫ్లాట్ ఎవరి వాటాలోదో చూడండి. హైదరాబాద్‌లో ఒక స్థాయి దాటిన బిల్డింగులకి కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపల్ కార్పొరేషన్‌కి తాకట్టు పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే విడుదల. మీ ఫ్లాట్ ఆ పదిలో ఉందా అని అడగండి.

"డబ్బు కొంత క్యాష్‌గా ఇమ్మంటున్నారు."

ఆస్తి అమ్మకంలో అడ్వాన్స్ 20 వేలు గానీ అంతకంటే ఎక్కువ గానీ క్యాష్ తీసుకుంటే, తీసుకున్న వాళ్లకి అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. మీకేం నష్టం? గొడవైతే ఆ డబ్బు ఇచ్చినట్టు మీ దగ్గర ఆధారం ఉండదు. ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ మీరే కోసి కట్టాలి. భార్యాభర్తలు చెరో 30 లక్షలు పెట్టి కొంటే తప్పించుకోవచ్చనే ఉపాయం 2024 అక్టోబర్ నుంచి పనిచేయదు, మొత్తం కలిపే చూస్తారు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మామూలుగా 7.5 శాతం దాకా వేసుకోండి, రెండు రాష్ట్రాల్లోనూ. 

ఆఖరి ప్రశ్న. "ఓనర్ అమెరికాలో ఉంటారు, ఇక్కడ తమ్ముడు సంతకం పెడతాడట."

మన దగ్గర ఇది చాలా ఎక్కువ కాబట్టి చెప్తున్నా. అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించాలి. అందులో "అమ్మే అధికారం" అని, ఏ ఆస్తో కూడా స్పష్టంగా రాసి ఉండాలి. ఇల్లు చూసుకోమని ఇచ్చిన పత్రం అమ్మడానికి పనికిరాదు. రెండోది, ఓనర్ ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క వర్తించదు. టీడీఎస్ చాలా ఎక్కువ ఉంటుంది, 50 లక్షల పరిమితి కూడా లేదు. తక్కువ కోస్తే ఆదాయపు పన్ను శాఖ నోటీసు డల్లాస్‌కి వెళ్లదు, మీ ఇంటికే వస్తుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఓనర్ రెసిడెంటా, ఎన్నారైనా అని అగ్రిమెంట్‌లో రాయించుకుని, ఒక సీఏకి చూపించండి.